జూన్ ఒకటిన పుట్టిన ఫస్ట్ ఆఫీసరు

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెబితే మా ప్రొద్దుటూరులో ఎవరూ కుర్చీ వేసి కూర్చోబెట్టరు. వారానికి రెండుసార్లు వెళ్ళొచ్చే బట్టల వ్యాపారులున్న ఊరు మాది. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: నేను చార్మినారు చూడలేదు, బిర్యానీ తినలేదు, ముత్యాలు కొనలేదు. మూడు రోజులూ హైటెక్ సిటీ చుట్టుపక్కలే తిరిగాను. ఒక జాబితాలో మా మేనకోడలి పేరు ఉంటుందో ఉండదో చూడటానికి వెళ్ళాను.

మేనకోడలి పేరు సింధుజ. మా అక్క కూతురు. విమానం నడుపుతుంది. పైలట్లలో రెండు రకాలుంటారని ఈ ప్రయాణానికి ముందు నాకు సరిగా తెలీదు. కెప్టెన్ ఒకరు, పక్కన ఫస్ట్ ఆఫీసరు ఒకరు. ఇద్దరూ నడుపుతారు, ఇద్దరూ తెల్ల చొక్కాలే వేసుకుంటారు, చివరి మాట మాత్రం కెప్టెన్‌ది. సింధుజ ఆరేళ్ళుగా ఫస్ట్ ఆఫీసరు. ఆమె కంపెనీ కొత్త విమానాలు తెస్తోంది, వాటికి కొత్త కెప్టెన్లు కావాలి. ఎవరెవరికి కెప్టెన్ శిక్షణ ఇస్తారో ఆ జాబితా శుక్రవారం సాయంత్రం వస్తుంది.

"అమ్మానాయిన వస్తే వాళ్ళ బీపీ నేను చూసుకోవాల. నువ్వైతే నా బీపీ చూస్తావు. రా మామా" అని ఫోన్ చేసింది. ముప్పై అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేసి, రిటైరై, ఇంట్లో అదే పేపరు రెండుసార్లు చదువుకుంటున్నవాణ్ణి. రెండోసారి పిలిపించుకోలేదు.

హఫీజ్‌పేట్ నుంచి ఖాజాగూడ దాకా

బుధవారం పొద్దున హైదరాబాదులో రైలు మారి, లోకల్ రైల్లో వచ్చి హఫీజ్‌పేట్‌లో దిగాను. సింధుజ పంపిన కారు స్టేషను బయట ఉంది. డ్రైవరు పేరు యాదగిరి. నల్గొండ వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. మా వైపు బండెక్కితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ ఓటీపీ అడిగారు. అది చెప్పాకే యాదగిరి మనిషిలో పడ్డాడు.

"సారు ఊకనే వచ్చిండ్రా, పని మీదనా?"

"మా మేనకోడలు పైలట్. కెప్టెన్ అయ్యేదుంది" అన్నాను. 'అయ్యేదుంది' అన్న ముక్కను కొంచెం మింగేశాను.

"మంచిగున్నది సార్. గానీ ఒకటడుగుత. ఇమానాలు ఎక్కువైతె కెప్టెన్లు ఎక్కువైతరా?"

"అవుతారు మరి."

"గదే జర చూస్కోమనుండ్రి. మా సేటు మూడు కార్లు కొత్తయి కొన్నడు. యాదగిరీ, ఇగ నువ్వు డ్రైవర్వి గాదు, సూపర్‌వైజర్‌వి అన్నడు. ఖుషీ అయిన. తర్వాత ఎరుకైంది, డ్రైవర్ రాని రోజు ఆ బండి నడిపేటోడే సూపర్‌వైజర్ అని. రోజుకొకడు రాడు సార్!"

ఖాజాగూడలో సింధుజ ఉండే అపార్టుమెంటు గేటు దగ్గర నన్ను దింపేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. గేటులో మల్లయ్య అనే కాపలాదారు నన్ను ఆపి, నా ఫోటో తీసి, ఫోన్లో పైకి పంపాడు. ఫ్లాటువాళ్ళు అందులో సరే అని నొక్కితేనే లోపలికి వదులుతాడు. మేనకోడలు తెల్లవారుజామున విమానం నడిపి వచ్చి ఫోను మూసేసి నిద్రపోతోంది. నలభై నిమిషాలు నేను మల్లయ్య గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

"మామనే అంటున్నరు గద సార్, నాకు నమ్మకమే. గీ ఫోన్‌కే నమ్మకం లేదు" అని, పాపం, తన డబ్బాలోని జొన్నరొట్టె సగం నాకు పెట్టాడు. పచ్చి ఉల్లిపాయ, కారప్పొడి. ఆ మూడు రోజుల్లో ఇంటి బయట నేను తిన్నవాటిలో ధర లేనిది అదొక్కటే. సింధుజ లేచి ఆ ఫోటో చూసి, నోరు తెరుచుకుని ఉన్న ఆ ముసలాయన ఎవరో కాసేపు పోల్చుకోలేకపోయిందట.

చెరువు గట్టున విమానాల లెక్క

సాయంత్రం సింధుజ, ఆమెతో అదే ఫ్లాటులో ఉండే దీప్తి నన్ను ఖాజాగూడ చెరువు వైపు తీసుకెళ్ళారు. దీప్తిది భీమవరం. ఇద్దరూ ఒకే కంపెనీలో ఒకే రోజు చేరారు, ఇద్దరూ ఫస్ట్ ఆఫీసర్లే. ఒకరినొకరు 'ఒసేయ్' అనీ 'ఏమే' అనీ తప్ప పిలుచుకోరు. నన్ను మాత్రం దీప్తి నిమిషానికోసారి "బాబాయ్ గారండీ" అనేది. మా వైపు అంత మర్యాద చేస్తే అప్పు అడగబోతున్నారని అర్థం.

అక్కడ గుండ్రటి పెద్ద పెద్ద బండరాళ్ళు. వాటి వెనక ఇంకా పెద్ద అద్దాల మేడలు. మెడలో తాళ్ళు, తాళ్ళకు కార్డులు వేలాడుతున్న జనం బండల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఒక కప్పు ముప్పై రూపాయలు. మా శివాలయం వీధిలో పన్నెండు. కప్పు ఇక్కడే చిన్నది.

ఇద్దరు పిల్లలూ చెరువు చూడలేదు, ఫోన్లు చూసుకుంటున్నారు. మా వైపు జులై వచ్చిందంటే రైతులు మబ్బులు చూసినట్టు, ఈ పైలట్లు విమానాలు చూస్తారు. ఎక్కడో పరదేశంలో ఫ్యాక్టరీ బయట కొత్త విమానం కనబడితే ఎవరో ఫోటో తీసి పెడతారు. తోక మీద నంబరు చూసి 'ఇది మనదే' అని వీళ్ళు పండగ చేసుకుంటారు. దీప్తి ఒక ఫోటో పెద్దది చేసి నాకు చూపించింది. విమానం నిగనిగలాడుతోంది. రెక్కల కింద మాత్రం బోసిగా ఉంది.

"ఇంజన్లు ఇంకా రాలేదండీ బాబాయ్ గారూ. అవి వేరే కంపెనీవాళ్ళు ఇవ్వాలి. పెళ్ళికొడుకు తయారుగా ఉన్నాడు, గుర్రమే లేదు."

"ఒక్కో విమానానికి నలుగురైదుగురు కెప్టెన్లు కావాల మామా" అని సింధుజ విడమరచి చెప్పింది. "ఈ నెల రెండు రావాల. ఒకటి వచ్చింది. ఇది రెండోది. రెండూ వస్తే నా పేరు ఖాయం. ఒకటే అయితే జాబితా నా దగ్గర్లోనే యాడో ఆగిపోతాది."

"ఆగిపోతే మళ్ళీ ఎప్పుడు?"

"విమానాలొచ్చినప్పుడు. వచ్చే ఏడో, ఆపై ఏడో. పేపర్లో వందలకు వందలు ఆర్డరు పెట్టినామని రాయించుకుంటారు. కాగితం మీద విమానానికి కెప్టెన్ అక్కర్లేదు కదా."

నవ్వుతూనే అంది. కానీ చాయ్ సగం మిగిల్చి పారబోసింది. చిన్నప్పట్నుంచి ఏదీ పారబోసే పిల్ల కాదు.

మాదాపూర్‌లో ఉగ్గాని, అంగడిలో విమానం

గురువారం పొద్దున మాదాపూర్‌లో ఒక హోటలు ముందు 'రాయలసీమ ఉగ్గాని' అన్న బోర్డు చూసి సొంత మనిషి ఎదురైనంత సంబరపడ్డాను. తొంభై రూపాయలు. వేసింది గుప్పెడు బొరుగులు, పైన దానిమ్మ గింజలు! ఉగ్గానిలో దానిమ్మ గింజలేమిటని అడిగితే వడ్డించేవాడు, "హెల్తీ సార్" అన్నాడు. బజ్జీ అడిగాను. అది విడిగా అరవై. మా ఊళ్ళో బజ్జీ లేకుండా ఉగ్గాని పెడితే గొడవలైపోతాయి. సింధుజ నా ముఖం చూసి బిల్లు గబుక్కున లాక్కుంది.

తర్వాత ఒక పెద్ద అంగళ్ళ సముదాయంలోకి తీసుకెళ్ళింది. మూడో అంతస్తులో, చెప్పుల దుకాణం పక్కన, విమానం నడిపే ఆట ఒకటుంది. ఉత్తుత్తి విమానం, ముందు పెద్ద తెర, తెర మీద ఆకాశం. దాన్ని నడిపించే ఆవిడ "భయపడకండి సార్, ఎవరైనా దింపేయొచ్చు" అంది. నేను మూడుసార్లు దింపాను. మొదటిసారి చెరువులో, రెండోసారి కొండ మీద. మూడోసారి రన్‌వే మీదే దింపాను గానీ, తలకిందులుగా. బయట చెప్పులు కొనుక్కుంటున్నవాళ్ళు కూడా వచ్చి చూశారు.

అప్పుడు సింధుజ కూర్చుంది. వాన, గాలి, ఒక ఇంజను పనిచేయదు, అలా పెట్టమని ఆవిడకు చెప్పింది. తెరంతా ఊగిపోతుంటే ఈ పిల్ల మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు నింపాదిగా ఒక్కొక్కటే నొక్కుతూ, తిప్పుతూ, తనలో తానే ఏదో చెప్పుకుంటూ తీసుకొచ్చి దింపింది. చక్రాలు నేలకు తగిలింది కూడా నాకు తెలీలేదు. ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను ఆ పిల్ల చేతులే చూస్తూ కొట్టడం మరిచిపోయాను. ఆ పిల్ల పని చేస్తుండగా చూడటం నాకదే మొదటిసారి. ఈమెకు కాకపోతే ఇంకెవరికిస్తారు కెప్టెన్‌గిరీ అనుకున్నాను.

రొయ్యల వేపుడు మధ్యలో

ఆ పూట వంట దీప్తి చేసింది. రొయ్యల వేపుడు, చింతచిగురు పప్పు. అంత కమ్మటి వంట తింటూ ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదు.

"ఒకే రోజు చేరినారు కదమ్మా, మరి జాబితాలో ముందెవరు, వెనకెవరు?" అని అడిగాను.

"నేను ముందండీ, నా వెనకే సింధు" అంది దీప్తి, కాస్త ఇబ్బందిగా. "ఒకే రోజు చేరినవాళ్ళని పుట్టిన తేదీ బట్టి పేరుస్తారండి. పెద్దవాళ్ళు ముందు. నాది ఫిబ్రవరి, దీనిది జూన్ ఒకటి."

"జూన్ ఒకటి కాదే తల్లీ, నేను పుట్టింది కార్తీకంలో" అంది సింధుజ. "లెక్కప్రకారం నీకంటే మూడు నెలలు పెద్దదాన్ని. బళ్ళో ఎవడో తిక్క గుమాస్తా అట్ల రాసినాడంట. అమ్మ చెప్పింది. వాడు యాడుండాడో గానీ, వాని చేతులు..."

రొయ్య నాకు అడ్డంపడింది. దీప్తి నీళ్ళందించింది. సింధుజ వీపు నిమిరింది.

చదువరులకు దాపరికం ఎందుకు? ఆ తిక్క గుమాస్తాను నేనే. సింధుజను ఒకటో తరగతిలో చేర్చుకున్న రోజు బడి రిజిస్టరు నా చేతిలో ఉంది. మా కాలం పంతుళ్ళు చాలామంది చేసిన పనే అది. బడి తెరిచేది జూన్‌లో కాబట్టి పిల్లలందరికీ జూన్‌లోనే పుట్టుక రాసేవాళ్ళం. నా చేతి మీదుగా ఒకే రోజు పుట్టినవాళ్ళతో ఒక చిన్న పల్లె కట్టొచ్చు. మేనకోడలైతే మరీ ఆలోచించి రాశాను. కార్తీకం నుంచి జూన్‌కు జరిపితే ఏడు నెలలు చిన్నదవుతుంది, రేపు సర్కారు ఉద్యోగమొస్తే ఏడు నెలల సర్వీసు కలిసొస్తుంది. ఆ తెలివికి మా అక్క నాకు ఆ రోజు పాయసం చేసి పెట్టింది. ఆ అక్కే ఇన్నేళ్ళుగా నన్ను కాపాడుతూ గుమాస్తా మీదికి తోసింది.

నేను నీళ్ళు తాగి, "వేపుడు బాగుందమ్మా" అన్నాను.

బాచుపల్లిలో పాత శిష్యుడు

శుక్రవారం పొద్దున్నే యాదగిరికి ఫోన్ చేసి బాచుపల్లికి పొమ్మన్నాను. అక్కడ నా పాత శిష్యుడు చంద్రశేఖర్ లాయరుగా స్థిరపడ్డాడు. సాయంత్రంలోగా తేదీ దిద్దించే దారేదైనా చెబుతాడని నా ఆశ. దారి పొడుగునా స్కూళ్ళు, కాలేజీలు, పసుపు బస్సులు. దోవలో సంగతంతా యాదగిరికి చెప్పేశాను. కొత్తవాళ్ళకు చెప్పుకోవడమే తేలిక.

"నాది జనవరి ఒకటి సార్. మా ఊర్ల అందరిది గదే" అన్నాడు. "మా అన్నది గదే, మా నాయినది గదే. గిట్ల ఎవని ఉద్యోగం ఆగలే గానీ."

చంద్రశేఖర్ కాళ్ళకు దండం పెట్టి, కాఫీ ఇచ్చి, అంతా విని, నుదురు రుద్దుకున్నాడు.

"సార్, నాకూ జూన్ ఒకటే మీరు రాసింది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు మా తమ్ముడు, వానికీ జూన్ ఒకటే. ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం."

"నవ్వులు తర్వాతప్పా. దిద్దొచ్చా, లేదా?"

"పదో తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, పైలట్ లైసెన్సు, డాక్టర్ల పరీక్ష కాగితాలు, అన్నిట్లో అదే ఉంటుంది సార్. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కటి మార్చమని అడిగినా, మిగతావన్నీ తప్పా అని ఎదురు అడుగుతారు. కెప్టెన్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే ఎసరు. పాపను కదిలించద్దు."

ఇంత మంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన చేతితో ఒక్క తేదీ దిద్దలేకపోయాను. తిరిగొస్తుంటే యాదగిరి రేడియో పెట్టలేదు. దిగేటప్పుడు మాత్రం, "చెప్పుండ్రి సార్. మీరు చెప్పకుంటె రేపు ఇంకెవ్వలన్న చెప్తరు" అన్నాడు.

శుక్రవారం

చెప్పాను. దీప్తి స్నానానికి వెళ్ళినప్పుడు, సింధుజ బట్టలు మడత పెడుతుండగా, నిలబడే చెప్పాను. విని నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"నువ్వా?"

"నేనేమ్మా. నీకు సర్వీసు కలిసొస్తాదని..."

"అరవై అయిదేళ్ళప్పుడు ఆ ఏడు నెలలు నేనేం చేసుకోవాల మామా? నాకు ఇప్పుడు కావాల." ఒక చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఎవరు రాసినారో తెలీనప్పుడు తిట్టుకోడానికి హాయిగా ఉండె. ఇప్పుడు ఎట్ల తిట్టుకోవాల?"

తిట్టినా బాగుండేది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను కిందికి దిగి మల్లయ్య పక్కన కూర్చున్నాను. ఆయన నా కళ్ళు చూసి, వచ్చినవాళ్ళెవరూ గదిలోకి రాకుండా తనే లేచి గేటు దగ్గరికి ఎదురెళ్ళాడు. రెండో విమానానికి ఇంజన్లు వచ్చుండాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇంజన్ల కోసం తిరుపతి మెట్లెక్కుతానని మొక్కుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నాలుగున్నరకు పైకి వెళ్ళేసరికి ఇద్దరూ హాలులో ఉన్నారు. ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టి ఉన్నాయి. అయిదుకు కొంచెం ముందు రెండూ ఒకేసారి గిర్రుమన్నాయి. దీప్తి తన ఫోను ముట్టుకోలేదు. సింధుజ తీసి చదివింది, గట్టిగా, ఒక్కొక్క పేరూ. ఎవరెవరివో నాలుగు పేర్లు. అయిదో పేరు దీప్తిది.

ఆరో పేరు లేదు. రెండో విమానం ఇంకా అక్కడే, ఇంజన్లు లేకుండా నిలబడి ఉంది.

దీప్తి లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది, గిన్నె చప్పుడు ఒక్కటీ రాలేదు. సింధుజ కిటికీ దగ్గర నిలబడింది. "తప్పైందమ్మా" అన్నాను. ముప్పై అయిదేళ్ళలో ఏ పిల్లకూ చెప్పని మాట. ఆమె తిరగలేదు. ఏడుస్తోందో లేదో నాకు కనబడలేదు, వెళ్ళి చూసే ధైర్యం లేకపోయింది.

అరగంట గడిచాక తన గదిలోకి వెళ్ళి, చుట్టచుట్టి ఉన్న పెద్ద కాగితం ఒకటి పట్టుకొచ్చింది. ఇంకా రబ్బరు కూడా తీయలేదు. విప్పితే, విమానంలో పైలట్ల ఎదురుగా ఉండే మీటలు, గడియారాలు, దీపాలు, అన్నీ అసలు కొలతలతో అచ్చువేసిన బొమ్మ. గోడకు అంటించుకుని, ఎదురుగా కుర్చీలు వేసుకుని, ఏది ఎప్పుడు నొక్కాలో చేతులకు నేర్పుకుంటారట. పేరు వస్తుందని ముందుగానే తన కోసం తెప్పించుకుంది.

"మామా, ఆ పక్క పట్టుకో" అంది. ఇద్దరం హాలు గోడకు అంటించాం. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు రెండు తెచ్చి దాని ముందు పక్కపక్కన వేయమంది. వేశాను. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి దీప్తిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఇవాళ వద్దే, నీకు దండం పెడతాను" అంటోంది దీప్తి, ముఖమంతా తడిగా.

"సోమవారం నుంచి నీకు క్లాసులు. ఎడమ వైపు కూర్చుంటే అన్నిటికీ చేతులు మారతాయి. రోజూ రెండు గంటలు కూర్చుంటే గానీ రాదు. కూర్చో."

ఎడమ కుర్చీ కెప్టెన్‌దనీ, కుడి కుర్చీ ఫస్ట్ ఆఫీసరుదనీ నాకు అప్పుడు తెలిసింది. దీప్తిని భుజాలు పట్టి ఎడమ కుర్చీలో కూర్చోబెట్టింది. తను కుడి కుర్చీలో కూర్చుని, జడ వెనక్కి వేసుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఒక్కొక్కటే సరిచూసుకునే చెక్‌లిస్టు ఒళ్ళో పెట్టుకుంది. ఆరేళ్ళుగా 'ఒసేయ్', 'ఏమే' తప్ప మరో పిలుపెరగని స్నేహితురాలి వైపు తిరిగి అడిగింది.

"చదవమంటారా, కెప్టెన్?"

దీప్తి రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుని, "చదవండి" అంది.

సింధుజ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. గొంతు ఎక్కడా వణకలేదు. వెనక సోఫాలో కూర్చుని ఏడ్చింది నేనొక్కణ్ణే.